చాందా కోటను ఒక్క రోజులో చుట్టి రావడం ఎలా

మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు పాత పేరు చాందా. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది రైలు దిగి, ఆటో ఎక్కి "కిల్లాకు పోనీ" అంటారు. ఆటో జట్‌పురా గేటు దగ్గర ఆగుతుంది. ఎదురుగా రెండు బురుజులు, నడుమ కమాను, దాని కింద నుంచి దూరిపోతున్న స్కూటర్లు. టికెట్ కౌంటరు లేదు, బోర్డు చూపించే దారీ లేదు. గేటు కిందే నిలబడి కోట ఎక్కడని అడుగుతారు. మహాకాళి దర్శనం చేసుకుని, ఆ కమానుతో ఒక ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోతారు.

గోల్కొండకో ఖమ్మం ఖిల్లాకో పోయినట్టు ఇక్కడ కొండెక్కేది ఉండదు. పాత ఊరంతా కోట లోపలే ఉంది. చుట్టూ రాతి ప్రాకారం, దానికి నాలుగు దిక్కులా నాలుగు గేట్లు, వాటి మధ్య మనుషులు రాకపోకలు సాగించే చిన్న ద్వారాలు. ఈ చిన్నవాటిని ఖిడ్కీలంటారు. కాబట్టి దీన్ని ఒకచోట నిలబడి చూడలేం, చుట్టి రావాలి. చుట్టే పద్ధతి సరిగ్గా కుదిరితే నడక, ఎండ, ట్రాఫిక్ మూడూ కలిసొస్తాయి. కుదరకపోతే మిట్టమధ్యాహ్నం నీడలేని గోడ పక్కన ఇరుక్కుంటారు.

మేం చెప్పే పద్ధతి ప్రదక్షిణ. ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బిన్‌బా. ఈ వరసలో తిరిగితే పొద్దు మీకంటే అడుగు ముందో వెనకో నడుస్తూనే ఉంటుంది. తూర్పు గేటు దగ్గర పొద్దుటి ఎండ, పడమటి గేటు దగ్గర సాయంత్రపు ఎండ దొరుకుతాయి. అప్రదక్షిణంగా తిరిగితే ఈ రెండు గేట్లూ నీడలో నల్లగా కనిపిస్తాయి.

ముందు రాక సంగతి

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ తీసేటప్పుడే ఒక జాగ్రత్త పడాలి. ఊళ్లో రెండు స్టేషన్లున్నాయి. కాజీపేట నుంచి నాగపూర్ వైపు పోయే మెయిన్ లైన్ మీద ఉన్నది చంద్రపూర్ స్టేషన్. చాందా ఫోర్ట్ అని ఇంకోటి ఉంది, అది గోండియా నుంచి బల్లార్షా వచ్చే లైన్ మీదిది. కోట చూడాలి కదా అని పేరులో ఫోర్ట్ ఉన్న స్టేషన్ వెతికితే, కాజీపేట వైపు నుంచి అటు వచ్చే రైళ్లు బాగా తక్కువ. మనకు కావలసింది చంద్రపూర్.

చంద్రపూర్‌లో ఆగని రైళ్లు కూడా బల్లార్షాలో ఆగుతాయి. అది పెద్ద జంక్షన్. కాగజ్‌నగర్ తర్వాత సిర్పూర్ టౌన్, మాకుడి, వీరూర్, మాణిక్‌గఢ్ దాటితే బల్లార్షా. అక్కడి నుంచి చంద్రపూర్ సుమారు 15 కిలోమీటర్లు, బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. బల్లార్షాలో దిగినవాళ్లు స్టేషన్ గోడల మీద వేసిన పులుల బొమ్మలు ఓ నిమిషం చూడండి. తాడోబా అడవిని గోడల మీదికి తెచ్చి పెట్టారు.

రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఆసిఫాబాద్, వాంకిడి, లక్కడ్‌కోట్, రాజూరా, బల్లార్పూర్ (బల్లార్షా స్టేషన్ ఉన్న ఊరు) మీదుగా దారి. ఆదిలాబాద్ నుంచయితే కోర్పనా, గడ్‌చాందూర్ మీదుగా రాజూరా చేరాలి. రెండు దారులూ రాజూరాలో కలుస్తాయి, అక్కడి నుంచి వార్ధా నది దాటాలి. జూలై, ఆగస్టుల్లో వార్ధా పొంగితే రాజూరా, బల్లార్పూర్ మధ్య వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు. వానలు ముదిరిన రోజుల్లో బయల్దేరే ముందు రాజూరా డిపోకో తెలిసినవాళ్లకో ఫోన్ చేసి కనుక్కోండి. వంతెన మూసేస్తే రైలొక్కటే దిక్కు.

రాజూరా పేరు మన పెద్దలకు కొత్త కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఆ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాజూరాలోనూ బల్లార్పూర్‌లోనూ తెలుగు బాగానే చెల్లుతుంది. బొగ్గు గనుల కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. చంద్రపూర్ పాత ఊళ్లో మాత్రం మరాఠీ, హిందీ నడుస్తాయి.

ఎప్పుడు రావాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. మేలో ఇక్కడ ఎండ 46 డిగ్రీలు దాటే రోజులుంటాయి, దేశంలోనే అతి వేడి ఊళ్ల లెక్కలో చంద్రపూర్ పేరు తరచూ వినిపిస్తుంది. రాతిగోడ పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. ఎండాకాలం తప్పనిసరై వస్తే పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయండి, మిగతాది సాయంత్రం ఐదు తర్వాత. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీనో తలగుడ్డో, ఒకటి రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉండాలి. చలికాలంలోనైతే ఆరున్నర, ఆరూముప్పావుకు తెల్లవారుతుంది, ఐదున్నరకే పొద్దు వాలుతుంది. రోజు చిన్నది కాబట్టి పొద్దుటి భాగం ఆలస్యం చేయొద్దు.

కాళ్లకు అరికాలు గట్టిగా ఉన్న బూట్లే వేసుకోవాలి. గోడ వెంట పగిలిన రాళ్లు, తుమ్మముళ్లు, గాజుపెంకులు ఉంటాయి. చుట్టూ గనులు, థర్మల్ కేంద్రం ఉన్న ఊరు గనుక ధూళి ఎక్కువ. తెల్లబట్టలు సాయంత్రానికి పాడవుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు తెచ్చుకోవాలి.

జట్‌పురా: బజారు లేవకముందే

తెల్లవారేసరికి జట్‌పురా గేటు ముందు ఉండండి. ఎనిమిదిన్నర దాటితే గేటు కింద నిలబడే జాగా ఉండదు, ఊళ్లోకి వచ్చే బళ్లన్నీ ఆ ఇరుకులోంచే పోవాలి. ఇది ఉత్తరం వైపు చూసే గేటు కాబట్టి చలికాలంలో దీని బయటి ముఖం మీద సూటిగా ఎండే పడదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మాత్రం పొద్దున, సాయంత్రం ఏటవాలుగా కాస్త వెలుగు తగులుతుంది. మిగతా నెలల్లో తెల్లవారుజాము మెత్తని వెలుతురులోనే చెక్కడం బాగా కనిపిస్తుంది, ఎండ ముదిరాక వెనక ఆకాశం తెల్లబడి రాయి నల్లగా మిగిలిపోతుంది.

చూడాల్సింది కమాను కన్నా ఎక్కువగా దాని పక్కల మీది శిల్పం. తలెత్తి చూస్తే సింహం, దాని పంజాల కింద లొంగిపోయిన ఏనుగు కనిపిస్తాయి. అది చాందా గోండు రాజుల చిహ్నం. ఏనుగును సింహం కన్నా బాగా చిన్నదిగా చెక్కారు, సింహం ముందు అది కుక్కపిల్లంత. అసలు సైజులు శిల్పికి తెలియక కాదు, ఎవరు పెద్దో చెప్పడానికే అలా చెక్కారు. నాలుగు గేట్లలోనూ ఈ చిహ్నం కోసం చూడండి, ఒకచోట అరిగినది మరోచోట తేటగా ఉంటుంది. చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి.

ఈ రాజ్యం మొదటి రాజధాని మన సిర్పూరేనని సంప్రదాయం చెబుతుంది. అక్కడి నుంచి వార్ధా ఒడ్డున బల్లార్షాకు, అక్కడి నుంచి చాందాకు వచ్చింది. ఊరికి పునాది వేసిన రాజు ఖండ్క్యా బల్లాళ షా. ఆయన ఒంటినిండా కురుపులని, వేటకు వచ్చి దాహమేసి ఝర్‌పట్ వాగులో గుంట నీళ్లు తాగి మొహం కడుక్కుంటే తెల్లారేసరికి మాయమయ్యాయని కథ. ఆ చోటే అంచలేశ్వరుడు వెలిశాడట. తర్వాత ఒక కుందేలు రాజు వేటకుక్కను తరమడం చూసి, అది పరుగెత్తిన దారి వెంటే రాణి కోటగోడ కట్టించమందట. హంపీకి కూడా ఇలాంటి కుందేలు కథే చెబుతారు. గోడ ఒక రాజు కాలంలో పూర్తి కాలేదు, తర్వాతి రాజులు కట్టి ముగించారు. 18వ శతాబ్దం మధ్యలో నాగపూర్ మరాఠా రాజులైన భోంస్లేల చేతికి, 1818 మేలో ఫిరంగులతో గోడ పగలగొట్టి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

గేటు చూశాక ఆ చుట్టుపక్కలే టిఫిన్ కానివ్వండి. ఇక్కడి పొద్దుటి తిండి తర్రీ పోహా. ఆవిరి అటుకుల మీద మసాలా శనగల పులుసు పోసి, పైన ఉల్లిపాయ, సేవ్ చల్లి ఇస్తారు. తర్రీ మన కారం తినేవాళ్లకే ముక్కు కారిస్తుంది. పిల్లలకైతే "తర్రీ కమీ" (పులుసు తక్కువ) అని ముందే చెప్పండి, పోశాక తీయడం కుదరదు. పది దాటితే మంచి చోట్ల అయిపోతుంది.

రామాలా చెరువు, బగడ్ ఖిడ్కీ

జట్‌పురా నుంచి ప్రాకారం వెంట తూర్పుకు తిరిగితే రామాలా చెరువు వస్తుంది. గోండు రాజుల నాటి చెరువు, కోటలోపలే ఉంది. గోడ, నీళ్లు ఒకే చూపులో కనిపించే చోటు కోటంతటిలో ఇదే. ఆ పక్కనే బగడ్ ఖిడ్కీ.

దారి అడిగేటప్పుడు "కిల్లా కుఠే ఆహే" (కోట ఎక్కడుంది) అనొద్దు. ఒకరు జట్‌పురా అంటారు, ఒకరు జైలు వైపు చూపిస్తారు, ఇద్దరూ తప్పు చెప్పినట్టు కాదు. ఖిడ్కీ పేరు పెట్టి "బగడ్ ఖిడ్కీ కుఠే ఆహే?" అనండి, పాన్ డబ్బా అతను కూడా చెప్పేస్తాడు. మ్యాపులో ఖిడ్కీలన్నీ గుర్తుపెట్టి ఉండవు, ఉన్నవి కూడా ఒక వీధి అటు ఇటుగా పడతాయి. మనుషులను అడగడమే నయం.

ఖిడ్కీ అంటే మనిషి, పశువు దూరేంత ద్వారం. పెద్ద గేట్లు మూసినా నీళ్లకో పొలానికో పోయిరావడానికి ఇవి పనికొచ్చేవి. బగడ్, హనుమాన్, విఠోబా, చోర్ అని వేర్వేరు పేర్లున్నాయి. ఒకటి రెండు చూస్తే చాలు, అన్నీ వెతుకుతూ కూర్చుంటే అంచలేశ్వర్ దగ్గర పొద్దుటి వెలుతురు పోతుంది.

బగడ్ ఖిడ్కీ దగ్గర ఆగి గోడ కట్టుడు చూడండి. చెక్కిన రాతి దిమ్మలు, నడుమ సున్నం. పదిహేను నుంచి ఇరవై అడుగుల ఎత్తు. గోడ పైన సైనికులు తిరిగే బాట, దాని బయటి అంచున పిట్టగోడ, అందులో తుపాకీ పెట్టే సందులు. పైకి ఎక్కాలనిపిస్తే మెట్లు గట్టిగా ఉన్నచోటే ఎక్కాలి. గోడ లోపలి కూర్పులోకి వాననీరు దిగి, కొన్నిచోట్ల పైబాట కింద డొల్ల అయిపోయింది. పైకి గడ్డి పచ్చగా కనిపిస్తుంది, కాలు పెడితే కుంగుతుంది. వానాకాలంలోనూ, దాని తర్వాత రెండు నెలలూ అసలు ఎక్కొద్దు. పాముల బెడద కూడా అప్పుడే.

రాళ్ల సందుల్లో రావి, మర్రి మొక్కలు లేచి ఉంటాయి. సేవ చేస్తున్నామనుకుని కొందరు వాటిని పట్టి లాగేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. వేరు సున్నంలోకి అల్లుకుని ఉంటుంది, లాగితే సున్నంతో పాటు రాయి కూడా కదులుతుంది. మొదలు దగ్గర కోసి, మళ్లీ చిగురించకుండా మందు పెట్టి, ఎండాక తీయాలి. అది తెలిసినవాళ్లు చేసే పని. ఏళ్ల తరబడి పొదలు, చెత్త కింద మూసుకుపోయిన ఈ గోడను 2017 నుంచి ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ కార్యకర్తలు రోజుల తరబడి చెమటోడ్చి శుభ్రం చేశారు. ఈ రోజు మీరు గోడ పక్కన నడవగలుగుతున్నారంటే వాళ్ల పుణ్యమే.

అంచలేశ్వర్ మూల: ఎక్కువసేపు ఇక్కడే

ప్రదక్షిణలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది తూర్పు వైపుకే. గేటు, గుడి, సమాధులు, మహాకాళి అన్నీ దగ్గర దగ్గరే. ఎనిమిది, తొమ్మిది మధ్య చేరుకుంటే గేటు బయటి ముఖం మీద ఎండ నిండుగా పడుతుంది.

ముందు అంచలేశ్వరుడి గుడి. ఇందాకటి కురుపుల కథ ముడిపడ్డ చోటు. గుడి గోడల మీది చెక్కడం తొందరపడకుండా చూడండి. ఆ పక్కనే గోండు రాజుల సమాధులు. పెద్దది బీర్ షాది. ఆయన పోయాక రాణి హిరాయి కట్టించింది. భర్త తర్వాత 18వ శతాబ్దం తొలి ఏళ్లలో రాజ్యం నడిపిన మనిషి ఆవిడ. మహాకాళి గుడిని ఇప్పుడున్న తీరుకు తెచ్చిందీ ఆవిడేనని చెబుతారు. సమాధి దగ్గర హడావిడి ఉండదు. చెట్ల నీడలో అరగంట కూర్చోవచ్చు. పెద్దవాళ్లను వెంట తెచ్చుకుంటే వాళ్లకు విశ్రాంతి ఇక్కడే ఇవ్వండి, మహాకాళి దగ్గర కూర్చునే చోటు దొరక్కపోవచ్చు.

సమాధులు, ప్రాకారం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. గోడ మీద పేరు గీకినా, రాయి పగలగొట్టినా 2010లో సవరించిన చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చేతిలో పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి అడ్డు లేదు. స్టాండు పెట్టి కెమెరాతో తీయాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందస్తు అనుమతి కావాలి. పెళ్లి ఫొటోల బృందాలు ఇది తెలియక సామాను దింపి గొడవ పడుతుంటాయి.

ఇక మహాకాళి. గేటు బయట, ఝర్‌పట్ ఒడ్డున. మంగళవారం రద్దీ ఎక్కువ, కోట కోసం వచ్చేవాళ్లు మంగళవారం తప్పించి రావడం మంచిది. అమ్మవారి దర్శనం వరసగా ఇలా చేస్తే తికమక ఉండదు:

చెప్పులు బయట అంగట్లోనే వదిలి టోకెన్ తీసుకోండి. ఎండాకాలం పదింటి తర్వాత బండలు కాలుతాయి, పాత మేజోళ్లు ఒక జత సంచిలో ఉంచుకుంటే పిల్లలకు పనికొస్తాయి.

కొబ్బరికాయ, ఓటీ సామాను, అంటే జాకెట్టుగుడ్డ, గాజులు, పసుపు కుంకుమ, ఒకే అంగట్లో తీసుకుని లోపలికి వెళ్లేముందే సర్దుకోండి. వరసలో సంచి విప్పడం కుదరదు.

పైన ఉన్న దేవుణ్ణి చూసి అంతటితో తిరిగి వచ్చేయకండి. కిందికి, గర్భగుడిలో ఉన్న అమ్మవారి దగ్గరకు వంగి దిగే ఇరుకు దారి ఉంది. మొదటిసారి వచ్చినవాళ్లలో కొందరు ఇది తెలియకే బయటికి వచ్చేస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకులో ఊపిరాడనివాళ్లు రద్దీ రోజుల్లో దిగకపోవడమే మేలు. వెనక వరస తోసుకొస్తుంటే మధ్యలో తిరిగి రావడం కష్టం.

చైత్రమాసం జాతర సంగతి వేరు. చైత్ర పౌర్ణమి దాకా సాగే ఆ రోజుల్లో నాందేడ్, పర్భణీ వైపు నుంచి, మన ఆదిలాబాద్ వైపు నుంచి జనం కుటుంబాలతో దిగుతారు. పోతురాజులు, డప్పులు, తలమీద అమ్మవారి మూర్తులు, ఝర్‌పట్‌లో స్నానాలు. జాతర చూడాలంటే జాతరకే రండి. ఆ వారం కోట ప్రదక్షిణ పెట్టుకోవద్దు, అంచలేశ్వర్ వైపు రోడ్లలో బండి కదలదు, ఊళ్లో గది దొరకదు, ఏప్రిల్ ఎండ పైన. జాతరలో పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

రాయప్ప వదిలి వెళ్లిన రాళ్లు

మహాకాళి చూశాక ఆటో మాట్లాడుకుని లాల్‌పేఠ్, బాబూపేఠ్ వైపు పోవాలి. తెలుగువాళ్లెవరైనా చంద్రపూర్ వచ్చి ఇది చూడకుండా వెళ్లారంటే మాకు మనసొప్పదు. రాయప్ప అనే కోమటి ఇక్కడ ఒక పెద్ద శివాలయం కట్టాలని సంకల్పించి, ముందుగా విగ్రహాలు చెక్కించాడు. గుడి లేవకముందే ఆయన కన్నుమూశాడు. విగ్రహాలు నేల మీదే ఉండిపోయాయి. వీటిని జనం అపూర్ణ మందిర్ అంటారు, ఆటో అతనికి కూడా ఆ పేరే చెప్పండి.

ఒక్కోటి ఒకే రాతిలో చెక్కినవి. శివలింగం, నంది, గణపతి, తాబేలు, చేప ఇలా చుట్టూ ఉంటాయి. అన్నిటిలోకి పెద్దది పది తలల విగ్రహం, ఇరవై అడుగులకు పైనే పొడవు, వెల్లకిలా పడుకుని ఉంటుంది. పది తలలు చూసి జనం దాన్ని రావణుడంటారు. నిజానికి అది దుర్గ. నిలబెట్టాల్సిన విగ్రహాన్ని పడుకుని ఉండగా చూస్తున్నాం కాబట్టి కాళ్ల వైపు నుంచి చూస్తేనే రూపం అర్థమవుతుంది. పక్క నుంచి చూస్తే పెద్ద బండ మీద గీతల్లా ఉంటుంది. కాళ్ల దగ్గర నిలబడి మెల్లగా తల వైపు చూపు పోనివ్వండి. తర్వాత చుట్టూ తిరిగి ఒకే రాతి మందం ఎంత ఉందో చూడండి. దీన్ని ఎలా లేపి నిలబెడదామనుకున్నారో అన్న ఆలోచన అక్కడ నిలబడ్డ ప్రతి మనిషికీ వస్తుంది.

విగ్రహాల మీద ఎక్కి ఫొటోలు దిగొద్దు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వీటికి పూజ చేస్తారు. వెలుతురు లెక్కకొస్తే పది, పదిన్నర లోపు పోవాలి. నడినెత్తిన ఎండ పడితే పైకి చూసే రాతి మీద నీడలు లేక చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ఆలస్యమైతే సాయంత్రానికి మార్చుకోండి.

మధ్యాహ్నం

పన్నెండు నుంచి మూడున్నర దాకా గోడ దగ్గర పని పెట్టుకోకండి. గాంధీ చౌక్, గోల్ బజార్ ప్రాంతంలో భోజనం చేయండి. సావ్‌జీ పేరుతో దొరికే మాంసం కూర మసాలా ఘాటుగా, పైన నూనె తేలుతూ ఉంటుంది. ముందు అరప్లేటు చెప్పి రుచి చూడండి. కారం పడనివాళ్లకు భాకరి అనే జొన్నరొట్టె, ఝుణకా అనే శనగపిండి కూర చాలు.

తిన్నాక ఎండలోకి పోకుండా చూడదగిన చోటు ఒకటుంది. నాగపూర్‌లో 1956 అక్టోబరు 14న బౌద్ధ దీక్ష ఇచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్, రెండు రోజులకే, అక్టోబరు 16న చంద్రపూర్‌లోనూ వేలమందికి దీక్ష ఇచ్చారు. ఆ చోటే ఇక్కడి దీక్షాభూమి. ఏటా అక్టోబరు 15, 16 తేదీల్లో జనసంద్రం, ఆ రెండు రోజులూ ఊళ్లో బస దొరకడం కష్టం.

జిల్లా జైలు ముందున్న రావిచెట్టు దగ్గర కూడా ఆగండి. గోండు వీరుడు బాబూరావ్ శేడ్మాకేను ఇంగ్లీషువాళ్లు 1858 అక్టోబరు 21న ఉరితీసింది ఇక్కడే. కుమురం భీమ్‌ను తలుచుకునే జిల్లా నుంచి వచ్చేవాళ్లకు ఆయన గురించి వేరే చెప్పక్కర్లేదు. అది ఇప్పటికీ నడుస్తున్న జైలు, ఫోన్ జేబులో పెట్టి దండం పెట్టుకుని రండి.

పఠాన్‌పురా, బిన్‌బా

నాలుగింటికి దక్షిణాన పఠాన్‌పురా గేటు చేరుకోండి. జట్‌పురాతో పోలిస్తే ఇక్కడ బళ్లు తక్కువ, గేటు కింద నిలబడి కమాను లోపలి కట్టుడు, పక్క గదులు తీరిగ్గా చూడొచ్చు. ఒక గేటునే బాగా చూసే తీరిక ఉంటే దీన్నే చూడమంటాం. లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి ఒక్కోసారి నడిచి చూడండి, శత్రువు వైపు ఎంత మూసుకుని ఉందో ఊరి వైపు ఎంత తెరుచుకుని ఉందో తెలుస్తుంది. ఇక్కడి నుంచి కిందికి పోతే ఎరాయి, ఝర్‌పట్ కలిసే వైపు. ఊరికి పడమర ఎరాయి, తూర్పున ఝర్‌పట్, నడుమ ఈ గోడ. వానాకాలంలో ఎరాయి పోటెత్తితే గేట్ల బయటి లోతట్టు కాలనీల్లోకి నీళ్లొస్తాయి, రోడ్డు మూసేస్తారు. బారికేడ్ కనిపిస్తే పక్కనుంచి దూరకండి.

అక్కడి నుంచి బిన్‌బా గేటుకు చలికాలమైతే నాలుగున్నర, ఐదు మధ్య, ఎండాకాలమైతే ఆరింటికి చేరాలి. పడమటి ముఖం, వాలుపొద్దు ఎండ రాతి గరుకుతనమంతా బయటపెడుతుంది. ఉదయం జట్‌పురా దగ్గర సరిగ్గా కనిపించని సింహం, ఏనుగు చెక్కడాన్ని ఈ వెలుతురులో పోల్చి చూసుకోండి. బిన్‌బా నుంచి మళ్లీ ఆటోలో జట్‌పురాకు వస్తే చుట్టు పూర్తయినట్టే.

ఆటో విషయం. రోజంతా మాట్లాడుకోవడం దండగ, గోడ పక్క సందుల్లోకి అది రాదు, మీరు నడిచినంతసేపూ ఊరికే నిలబడి ఉంటుంది. మహాకాళి నుంచి అపూర్ణ మందిర్ దాకా పోయి, ఆగి, ఊళ్లోకి తిరిగి రావడానికి ఒక ఆటో, బిన్‌బా నుంచి వెనక్కి ఇంకొకటి మాట్లాడుకుంటే సరిపోతుంది. మొదటిదానికి "జాణే యేణే" (పోను రాను) అని, అక్కడ అరగంట ఆగాలని ముందే తేల్చుకోండి. అపూర్ణ మందిర్ దగ్గర తిరుగు ఆటో వెంటనే దొరకదు.

రెండో రోజు ఉంటే

బల్లార్షా కోటకు వెళ్లండి. వార్ధా తూర్పు ఒడ్డున, చదరపు ఆకారంలో ప్రాకారం, బురుజులు. లోపలి కట్టడాలు కూలిపోయాయి, గోడలు నిలిచాయి. ఒకదానికొకటి అడ్డంగా తిప్పి కట్టిన రెండు గేట్లు చూడటానికే పోవచ్చు. మొదటి గేటు దూరినవాడు వేగంగా రెండోదాని మీద పడలేడు, మలుపు తిరగాల్సి వస్తుంది, ఆ మలుపులో పైనుంచి కొట్టొచ్చు. ఏనుగులతో తలుపులు కుమ్మించే రోజుల్లో ఏనుగుకు పరుగు తీసే జాగా ఇవ్వకపోవడమే రక్షణ. నది వైపు చిన్న ద్వారం ఉంది. అక్కడ నీళ్లలోకి దిగొద్దు, వార్ధా ఒడ్డు బురద నమ్మదగింది కాదు.

లేదంటే నాగపూర్ రోడ్డు మీద 26 కిలోమీటర్ల దూరంలో భద్రావతి. భద్రనాగుడి గుడి, జైనుల పార్శ్వనాథ మందిరం ఉన్నాయి, కానీ వెళ్లాల్సింది విజాసన్ బౌద్ధ గుహలకు. నడిమి గుహ కొండలోకి సూటిగా డెబ్బై అడుగుల లోతుకు పోతుంది, చివర పీఠం మీద పెద్ద బుద్ధుడు, అటూ ఇటూ పక్క గుహలు. లోపల చీకటి, గబ్బిలాలు. ఫోన్ లైటు గోడ దాకా చాలదు, టార్చి తీసుకెళ్లండి, తలమీద గుడ్డ కప్పుకోండి. టార్చిని బుద్ధుడి ముఖం మీద సూటిగా వేయకుండా పక్క నుంచి వేస్తే రూపం తేలుతుంది.

తాడోబా పులుల అడవి కూడా దగ్గరే కానీ కోట యాత్రలో ఇరికించకండి. సఫారీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, బుక్ చేసినవాళ్ల గుర్తింపు కార్డు అసలుది చూపాలి, మంగళవారం సెలవు, వానాకాలంలో కోర్ అడవి మూసేస్తారు. తెల్లవారుజామున గేటు దగ్గర ఉండాలి కాబట్టి దానికి ఒక రాత్రి మొహర్లీ వైపు బస పెట్టుకోవడమే సరైన దారి.

తిరుగు ప్రయాణంలో రాజూరా మీదుగా పోయే బస్సులు చీకటి పడ్డాక పలచబడతాయి. ఆసిఫాబాద్ వైపు పోయేవాళ్లు బిన్‌బా దగ్గర పొద్దుగూకేదాకా ఉండాలనుకుంటే రాత్రి రైలుకు బల్లార్షా నుంచి టికెట్ ముందే తీసి పెట్టుకోండి. రైలు సమయానికి ముప్పావు గంట ముందు చంద్రపూర్‌లో ఆటో ఎక్కాలి.